ఇంటిలో నాదశాల

వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెగలుగా నాట్యశాస్త్రము విభజించినది. తీగను మీటగా పలుకు వీణ తతము. ఊపిరి నూదగా పలుకు వేణువు సుషిరము. చర్మమును తాడింపగా పలుకు మృదంగము అవనద్ధము. లోహము లోహమును తాకగా మ్రోగు తాళము ఘనము. ఎన్నో శతాబ్దములపాటు ఈ నాలుగు తెగలలో ఇముడని వాద్యము మనకు తారసిల్లలేదు. పాశ్చాత్య పండితులైన హోర్న్‌బోస్టెల్, సాక్స్ అనువారు 1914లో లోకమునందలి వాద్యముల నన్నిటిని వర్గీకరింపబూని, తామును నాలుగు తెగలనే ఏర్పరచిరి. కాని 1940లో సాక్స్ ఐదవ తెగ నొకదానిని చేర్చవలసివచ్చెను. విద్యుత్తు యొక్క కంపనమే నాదమునకు మూలమైన వాద్యములకు అందు స్థానము లభించినది.

నాడు ప్రయోగశాలలకును, రేడియో కేంద్రములకును పరిమితమై యుండిన ఆ ఐదవ తెగ నేడు మన ఇంటి గడప దాటి లోనికి వచ్చినది. కళాశాల విద్యార్థి తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి, ఒక్క తీగనైన మీటకయే పాటకు శ్రుతిని, లయను, స్వరమును సమకూర్చగలుగుచున్నాడు. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే ఈ విద్యలో అడుగిడగోరు బాలుడు గాని, బాలిక గాని మొట్టమొదట అడుగు ప్రశ్న "ఏమి నేర్చుకొనవలెను?" అని కాదు, "ఏ యంత్రము కొనవలెను?" అని. ఆ ప్రశ్నకు బదులు చెప్పువారిలో వస్తువు నమ్మజూపువారే హెచ్చు. నెలజీతముపై ఇల్లు గడుపుకొను తండ్రి బిడ్డ ముచ్చటను కాదనలేక వాయిదాలపై సామగ్రి తెచ్చును. ఏడాది తిరుగునప్పటికి బల్లనిండ యంత్రము లుండును. పూర్తియైన పాట ఒక్కటియు నుండదు. అంతట "ఈ విద్య నాకు రాదు" అని బిడ్డయు, "డబ్బు దండుగ" అని తండ్రియు అనుకొందురు. డబ్బు మరల సంపాదింపవచ్చును. చిన్నతనమున పుట్టి చల్లారిన ఆసక్తి మరల రగులుట అరుదు.

కావున ఈ ఎంపికకు ఒక నియమము కావలెను. సాధనలో అనుభవమునకు వచ్చిన కొరతను చూచి వస్తువు కొనవలెనే కాని, ప్రకటనలో చదివిన గుణములను చూచి కొనరాదు. ఈ నియమము ఎట్లు పుట్టినదో, దానిని పాటించుట ఎట్లో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

శాల ఇంటికి వచ్చిన కథ

పారిస్ రేడియోలో పనిచేయుచుండిన పియర్ షఫేర్ 1948లో రైళ్ల చప్పుళ్లను ముద్రించి, వానినే మార్చి మార్చి కూర్చి సంగీతరచన గావించెను. 1951లో జర్మనీలోని కొలోన్ రేడియో కేంద్రమున ఎలక్ట్రానిక్ సంగీతమునకు ప్రత్యేకశాల ఏర్పడెను. 1958లో లండనులో బి.బి.సి. సంస్థ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌ను నెలకొల్పెను. అచ్చటనే 1963లో డీలియా డెర్బిషైర్ అను విదుషి 'డాక్టర్ హూ' అను ధారావాహికకు, రాన్ గ్రైనర్ రచించిన స్వరమును నాదరూపమున కెక్కించెను. అప్పటికి సింథసైజరు వాడుకలోనికి రాలేదు. ఒక్కొక్క స్వరమును వేరువేరుగా పుట్టించి, టేపుపై ముద్రించి, కావలసిన కాలమునకు సరిపోవు పొడవున టేపును కత్తిరించి, ముక్కకు ముక్క అతికి ఆమె ఆ పని ముగించెను.

మన దేశము ఈ కథకు దూరముగా నుండలేదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లో డేవిడ్ ట్యూడర్ అను అమెరికా సంగీతజ్ఞుడు మూగ్ సింథసైజరుతో ఒక శాలను అమర్చెను. కొలది సంవత్సరములపాటు భారతీయులు కొందరు అందు రచనలు చేసిరి. ఆ టేపులు సంస్థ భాండాగారమున మరుగుపడి యుండి, ఇటీవలి కాలమున వెలుగులోనికి వచ్చినవి.

ఈ శాలలన్నియు సంస్థల సొత్తు. సామాన్యునికి అందు ప్రవేశము లేదు. 1983లో వచ్చిన 'మిడి' అను ఏర్పాటు ఈ స్థితిని మార్చివేసినది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్యకారకులు. ఒక సంస్థ చేసిన కీబోర్డు వేరొక సంస్థ చేసిన సింథసైజరును పలికించుటకును, కంప్యూటరు ఆ రెండింటిని నడుపుటకును దీనివలన వీలు కలిగినది. ఎదురుబదురు సంస్థల యంత్రములు ఒకే భాష నేర్చుకొన్నవన్నమాట. ఇంటి గది శాలగా మారుటకు ఇది దారి తీసినది.

దక్షిణదేశమున దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము ఎ.ఆర్. రెహమాన్. ఆయన 1989లో మద్రాసులో తన ఇంటిని ఆనుకొని శాల నేర్పరచుకొనెను. 1992లో వచ్చిన 'రోజా' సంగీతము అందే రూపొందినది. అయితే ఆ శాల కట్టుకొనుటకు ముందు ఆయన ఇళయరాజా, రమేశ్ నాయుడు, రాజ్–కోటి మొదలగువారి వాద్యబృందములలో కీబోర్డు వాయించెనని మరువరాదు. పని ముందు, శాల తరువాత.

ఒక పెట్టె నేర్పిన పాఠము

యంత్రముల ఎంపికను గూర్చి ఆలోచించువారు రోలాండ్ సంస్థవారి 'టి.బి.–303' అను చిన్నపెట్టె చరిత్రను తప్పక తెలిసికొనవలెను. తదావో కికుమోతో రూపకల్పనలో ఇది 1981లో బజారునకు వచ్చినది. ఒంటరిగా గిటారు వాయించుకొనువారికి ప్రక్కన మంద్రస్థాయి గిటారువలె తోడుగా పలుకుట దీనికి నిర్దేశింపబడిన పని. ఆ పనిలో అది ఓడిపోయినది. దాని నాదము గిటారును పోలదు. దానిలో స్వరములను నమోదు చేయు పద్ధతి చికాకైనది. సుమారు పదివేల పెట్టెలు తయారైన పిమ్మట 1984లో సంస్థ దానిని నిలిపివేసెను. పాతసామానుల దుకాణములలో అది చౌకగా దొరకజొచ్చెను.

చికాగో నగరమున కొందరు యువకులకు అట్టి పెట్టె ఒకటి చేజిక్కినది. దానిని గిటారువలె పలికింపవలెనని వారు యత్నింపలేదు. స్వరము పలుకుచుండగనే దాని మీటలను త్రిప్పుచు, నాదము యొక్క రంగు మారుటను వినుచు కూర్చుండిరి. ఫ్యూచర్ అను పేరున వారు 1987లో వెలువరించిన 'ఆసిడ్ ట్రాక్స్' ఒక క్రొత్త సంగీతశాఖకే మూలమైనది. నేడు ఆ పాతపెట్టెలకు పట్టిన ధర చూచినచో, ఒకనాడు దానిని ఎవరును కొనలేదని నమ్ముట కష్టము.

అంతకు ఐదేండ్ల ముందే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అను హిందీ చలనచిత్ర వాద్యకారుడు అదే పెట్టెను వేరొక చెవితో విని యుండెను. 'టి.బి.–303'ను, 'టి.ఆర్.–808' అను తాళయంత్రమును, 'జూపిటర్–8' అను సింథసైజరును చేర్చి ఆయన 1982లో పది రాగముల రికార్డు నొకదానిని వెలువరించెను. అందలి భూపాలి మన మోహనము. మాల్‌కౌన్స్ మన హిందోళము. యమన్ మన కల్యాణి. స్వరమునుండి స్వరమునకు జారుట ఆ పెట్టెకు సహజగుణము. వైణికులు జారు అని పిలుచు గమకమునకు అది దగ్గరగా నుండుటచే రాగమునకు పనికివచ్చినది. ఆ రికార్డు ఆనాడు అమ్ముడుపోలేదు. 2010లో మరల వెలువడినపుడు లోకము ఆశ్చర్యపడినది. చికాగో యువకులు దీనిని విని నేర్చిరనుటకు ఆధారము లేదు. రెండు ఊళ్లలో ఇద్దరు విడివిడిగా ఒకే పెట్టెలో రెండు వేరు సంగీతములను కనుగొనిరి. ఆ రెండింటిలో ఏదియు దానిని చేసినవారు తలపెట్టినది కాదు. సంగీతము పెట్టెలో నుండునదే యైనచో పదివేల పెట్టెలును ఒక్కతీరునే పలికియుండవలెను.

మొదట కంప్యూటరు, కార్యక్రమము

ఇక క్రమమునకు వత్తము. ఎలక్ట్రానిక్ సంగీతశాలలో జరుగు పనులు నాలుగు: నాదమును పుట్టించుట, దానికి ఆజ్ఞ లిచ్చుట, ముద్రించి దాచుట, తిరిగి వినుట. పూర్వము ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్ర ముండెడిది. నేడు మొదటి మూడు పనులను ఒక్క కంప్యూటరే నెరవేర్చును. కనుక ఇంటిలో నున్న కంప్యూటరుతోనే ఆరంభింపవలెను. ఎనిమిది గిగాబైట్ల స్మృతి గల సాధారణ యంత్రము ఆరంభమునకు సరిపోవును.

దానిలో నడుచు కార్యక్రమమునకును మొదట డబ్బు పెట్టవలసిన పని లేదు. స్వరరచనకు ఎల్.ఎం.ఎం.ఎస్. అను కార్యక్రమము, ధ్వనిని ముద్రించి కత్తిరించుటకు ఆడాసిటీ అనునది ఉచితముగా లభించును. ఆపిల్ యంత్రములు గలవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితము. సింథసైజరులు కూడ వైటల్, సర్జ్ ఎక్స్‌టీ మొదలగు పేర్లతో వెల లేకయే దొరకుచున్నవి. వీనిలో సర్జ్ ఎక్స్‌టీ నందు స్వరస్థానములను కోరినట్లు సవరించుకొను సదుపాయము కలదు. శ్రుతిభేదములు తెలిసిన మన విద్యార్థికి ఇది మేలైన గుణము. వెలగల కార్యక్రమములను పరీక్షార్థము వాడువారు షరతులను ముందుగా చదువుకొనవలెను. ఎఫ్.ఎల్. స్టూడియో పరీక్షాప్రతిలో పనిని భద్రపరచుకొనవచ్చును గాని, వెల చెల్లించువరకు ఆ భద్రపరచిన పనిని తిరిగి తెరచుటకు వీలుండదు.

కార్యక్రమమును ఎంచుకొను వేళ మనవారు చూడవలసిన విషయ మొకటి కలదు. ఇవి చాలవరకు నాలుగేసి మాత్రల పాశ్చాత్య లయకు అమర్చబడి వచ్చును. ఆదితాళమునకు చిక్కు లేదు. మిశ్రచాపునకు ఏడు, ఖండచాపునకు ఐదు అక్షరముల ఆవృత్తము కావలెను. ఆ అమరిక ఎచ్చట నున్నదో మొదటిరోజుననే వెదకి తెలిసికొనవలెను.

ఈ దశలో అభ్యసింపవలసిన పాఠము నాదము యొక్క నిర్మాణము. రంపపు పళ్లవంటి అల యందు అనుస్వరములన్నియు నుండును; చతురస్రపు అల యందు బేసిసంఖ్య గలవి మాత్రమే యుండును. ఫిల్టరు వానిలో కొన్నిటిని తగ్గించి నాదమునకు రంగు తెచ్చును. మీటిన తీగ ఒక్కమారు ఎగసి క్రమముగా అణగును. ఊదిన వేణువు ఊపిరి యున్నంతసేపు నిలుచును. నాదము పుట్టుక, తగ్గుదల, నిలకడ, విరామము అను నాలుగు దశలను సింథసైజరులో వేరువేరుగా నిర్ణయింపవచ్చును. ఒక్క ఉచిత సింథసైజరులో ఈ నాలుగు మీటలను త్రిప్పి, చిటికె వంటి నాదమును, తంబుర వంటి నాదమును తన చేతితో పుట్టింపగలిగిన విద్యార్థికి, రెండవ సింథసైజరు నిజముగా అవసరమో కాదో తనకే తెలియును.

తరువాత చెవికి

డబ్బు పెట్టి కొనవలసిన మొదటి వస్తువు హెడ్‌ఫోను. ఏమి పలుకుచున్నదో సరిగా వినబడనిదే ఏది సవరింపవలెనో తెలియదు. పాటలు వినుటకు అమ్ము హెడ్‌ఫోనులలో మంద్రధ్వనిని పెంచి చూపుట పరిపాటి. వానితో పాట కట్టినవాడు తన పాటలో మంద్రము చాలునని భ్రమపడి తగ్గించివేయును. ఇతరులు వినునపుడు అది బలహీనముగా వినబడును. కనుక ఏ స్థాయిని ఎక్కువ చేయక, ఉన్నది ఉన్నట్లు వినిపించుటకై స్టూడియోలకు తయారుచేసిన వానినే ఎంచవలెను. అవి రెండు విధములు. చెవి చిప్పకు వెలుపలివైపు మూత గలవి ధ్వనిని బయటకు పోనీయవు కనుక మైకు ముందు పాడుటకు పనికివచ్చును. మూత లేనివి ధ్వనిని విశాలముగా వినిపించును కనుక పాటను తీర్చిదిద్దుటకు మేలు. ఒక్కటే కొనగలవారు మూత గలదానిని కొనుట యుక్తము. తీగ లేని హెడ్‌ఫోనులలో ధ్వని ఆలస్యముగా చెవిని చేరును. లయపని చేయువానికి అవి తగవు.

మెట్ల సంఖ్య, చక్రము

రెండవది మిడి కీబోర్డు. దీనిలో నాదము లేదు. ఏ మెట్టు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు వదలబడినది అను వార్తను మాత్రమే కంప్యూటరునకు పంపును. వీణపై పలికిన పాటకును, కాగితముపై వ్రాసిన స్వరలిపికిని ఎంత భేదమో, నాదమునకును మిడికిని అంత భేదము. మెట్టు సంఖ్యను, బలమును 0 మొదలు 127 వరకు గల అంకెలతో అది తెలుపును. స్వరలిపిని దిద్దుకొనినట్లు వాయించిన పిమ్మట తప్పులను దిద్దుకొనవచ్చును.

కీబోర్డులు 25, 49, 61, 88 మెట్లతో లభించును. 25 మెట్లనగా రెండు స్థాయిలు. మీటను నొక్కి స్థాయి మార్చుకొనవచ్చును కనుక ఆరంభమునకు అది చాలును. రెండు చేతులతో వాయింప నేర్చినవారికి 49 గాని, 61 గాని అనుకూలము. మెట్ల సంఖ్యకంటె మనవారు ముఖ్యముగా చూడవలసినది స్వరమును వంచు చక్రము. తోడిరాగమున గాంధారము నిలకడగా పలుకదు; క్రిందనున్న రిషభమును, పైనున్న మధ్యమమును తాకుచు ఊగును. మెట్లతో ఈ పని సాధ్యము కాదు. సాధారణముగా ఈ చక్రము స్వరమును ఇరువైపుల రెండేసి స్వరస్థానముల మేర వంచును. తోడిలోని సాధారణ గాంధారమునకు శుద్ధరిషభము రెండు స్థానములు క్రింద, శుద్ధమధ్యమము రెండు స్థానములు పైన నుండుటచే ఆ గమకమునకు చక్రము సరిగా సరిపోవును. చౌకరకములు కొన్నిటిలో చక్రమునకు బదులు బొత్తాములుండును. బొత్తాముతో గమకము రాదు. రాగము పలికింపగోరువాడు 61 మెట్లు గల్గి చక్రము లేనిదానికంటె, 25 మెట్లు గల్గి చక్రమున్నదానినే కొనవలెను.

మైకు, ఇంటర్‌ఫేసు

పూర్తిగా సింథసైజరులతో పాట కట్టువానికి మైకుతో పని లేదు. కంఠమునో, వేణువునో ముద్రింపవలెనన్న కోరిక కలిగిన నాడే మూడవ వస్తువైన ఆడియో ఇంటర్‌ఫేసును కొనవలెను. మైకునుండి వచ్చు విద్యుత్తును అంకెలుగా మార్చి కంప్యూటరునకు అందించుటయు, అంకెలను మరల ధ్వనిగా మార్చి హెడ్‌ఫోనునకు పంపుటయు దాని పని. ఇంటిలో ఒంటరిగా పనిచేయువానికి రెండు ప్రవేశములు గలది చాలును.

ప్రకటనలలో కనబడు అంకెలకు భయపడరాదు. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. ఒక కంపనమును పట్టుకొనుటకు దానికి రెట్టింపునకు మించిన పర్యాయములు కొలువవలెనని శాస్త్రము. కావుననే సెకనుకు 44,100 గాని, 48,000 గాని కొలతలు వినికిడికి చాలును. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాసిన 65,536 మెట్లు, 24 బిట్లతో వ్రాసిన 1,67,77,216 మెట్లు లభించును. ముద్రణకు 24 బిట్లు వాడుట మంచిది. ఈ లెక్కను రెండు చెవులకు ముద్రించిన నిమిషమునకు సుమారు 17 మెగాబైట్లు, గంటకు ఒక గిగాబైటునకు పైగా స్థలము పట్టును. పనిని రెండవచోట కూడ దాచుకొనుటకు ఒక హార్డుడిస్కు అవసరమని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

వేరొక అంకెను మాత్రము బాగుగా అర్థము చేసికొనవలెను. కంప్యూటరు కొలతలను గుంపులుగా అందుకొనును. గుంపునకు 256 కొలతలైనచో, 48,000 వేగమున అది 5.3 మిల్లీసెకన్ల ఆలస్యము. 1,024 అయినచో 21.3 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోవును. మొదటి ఆలస్యము ఇంచుమించు రెండు మీటర్ల దూరమున కూర్చున్న మృదంగమును వినుట వంటిది. ఏ గాయకునికిని అది ఇబ్బంది కాదు. రెండవది ఏడు మీటర్లకు పైబడిన దూరము. లయ తప్పుట ఖాయము. అసలు ఆలస్యము ఈ లెక్కకు కొంత హెచ్చుగనే యుండును. కనుక ముద్రించు వేళ చిన్న గుంపు, తీర్చిదిద్దు వేళ పెద్ద గుంపు పెట్టుకొనవలెను. ఈ సవరణకు ఖర్చు లేదు. ఇది తెలియక క్రొత్త కంప్యూటరు కొనువారు కలరు.

మైకులలో కండెన్సరు జాతి సూక్ష్మధ్వనులను పట్టును. దానికి ఇంటర్‌ఫేసునుండి 48 వోల్టుల విద్యుత్తు అందవలెను. డైనమిక్ జాతికి అది అక్కరలేదు. అది మొరటుతనమునకు ఓర్చును. పంకా తిరుగుచు, వంటింట కుక్కరు ఈల వేయుచు, వీధిలో బండ్లు పోవుచుండు మన ఇండ్లలో నోటికి దగ్గరగా నుంచిన డైనమిక్ మైకు పరిసరధ్వనులను తక్కువగా పట్టును. ఆరంభమునకు అదియే శ్రేయము.

గదియు ఒక వాద్యమే

స్టూడియో స్పీకర్లను చివరికి ఉంచుటకు కారణము గది. పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల నడుమ సెకనుకు సుమారు 56 కంపనములు గల మంద్రధ్వని నిలిచి ఊగులాడును. గోడల చెంత అది ఉరుమువలె వినబడును. గది నట్టనడుమ సన్నగిల్లిపోవును. వేలు పోసి స్పీకర్లు తెచ్చినను, వినబడునది స్పీకరు కాదు, గది. ఖాళీగదిలో చప్పట్లు కొట్టి చూడుడు. బండలు పరచిన నేల, సిమెంటు గోడలు ఆ చప్పుడును గలగలలాడించును. నిండుగా సర్దిన పుస్తకముల అల్మర, మందమైన తెరలు, గోడకు ఆనించిన దూది పరుపు దీనిని చాలవరకు తగ్గించును. కోడిగ్రుడ్ల అట్టలను గోడలకు అంటించుట ప్రసిద్ధమైన ఉపాయమే కాని, పలుచని ఆ అట్టలు మంద్రధ్వనిని పీల్చవు. బయటి చప్పుడును ఆపవు. స్పీకర్లు కొన్ననాడు వానిని, వినువాని తలను కలిపి సమబాహు త్రిభుజముగా నుండునట్లు అమర్చి, గోడమూలలకు దూరముగా నుంచవలెను.

విద్యుత్తును గూర్చి ఒక హెచ్చరిక. మన దేశమున సరఫరా సెకనుకు 50 ఆవృత్తములు. ఎర్తు సరిగా లేని ఇంటిలో ఆ 50, దాని రెట్టింపు 100 ముద్రణలో తుమ్మెద ఝంకారమువలె వినబడును. దానిని పోగొట్టుటకు మూడు పుల్లల ప్లగ్గులో ఎర్తు పుల్లను తీసివేయుట ప్రాణాపాయము. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తును బాగుచేయించుటయే సరియైన మార్గము. ఆ ఖర్చును శాల ఖర్చులో మొదటనే వ్రాసికొనవలెను.

పాఠశాలలో ఒక బల్ల

ఇంటింట ఈ సామగ్రి కొనగల స్థితి అందరికి లేదు. ఒక కంప్యూటరు, ఒక చిన్న కీబోర్డు, ఒక మైకు, ఒక ఇంటర్‌ఫేసు, రెండు హెడ్‌ఫోనులు పాఠశాలలో ఒక బల్లపై నుంచిన వంతులవారీగా తరగతి యంతయు నేర్చుకొనవచ్చును. భౌతికశాస్త్రోపాధ్యాయుడు అలల పాఠమును ఆ బల్ల చెంతనే చెప్పవచ్చును. తెలుగు ఉపాధ్యాయునికి ఇంకొక లాభము కలదు. సిద్ధముగా అమ్మబడు ధ్వనిఖండములను అతికి పాట కట్టిన, బెజవాడ పాటయు, బెర్లిన్ పాటయు ఒక్కతీరుననే యుండును. అట్లుగాక బాలుడు తన ఊరి డప్పు దరువును, మరమగ్గము చప్పుడును, రోకటిపాటను, గుడిగంటను, పాలవాని కేకను ముద్రించి తెచ్చినచో, ఆ నాదము వేరొకనివద్ద నుండదు. ఇందుకు మొదట సెల్‌ఫోనే చాలును. షఫేర్ రైలుతో చేసినపని ఇదియే. అయితే పాడిన అవ్వను, వాయించిన కళాకారుని అనుమతి అడిగి, వారి పేరు చెప్పుట బాలురకు మొదటనే అలవరుపవలెను.

ఉపాధ్యాయులు గమనింపవలసిన మరియొకటి చెవి రక్షణ. పెద్దలకు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెల్‌లు, పిల్లలకు అంతే కాలము 75 డెసిబెల్‌లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము. అన్ని ఉపకరణములను మార్చుకొనవచ్చును. చెవిని మార్చుకొనుటకు వీలులేదు. గంటకొకసారి హెడ్‌ఫోను తీసి, ధ్వనిని తగ్గించి, చెవికి విశ్రాంతి నీయవలెను.

ఇక విద్యార్థులకు ఒక సూచన. ఒక నోటుపుస్తకమును శాలలో నుంచుడు. ఒక వస్తువు కొనవలెనన్న కోరిక కలిగినపుడు, అది లేకపోవుటచే ఏ పాటలో ఏ పని ఆగినదో తేదీతో సహా ఆ పుస్తకమున వ్రాయుడు. ఉన్న సామగ్రితోనే ఐదు పాటలను, చిన్నవియైనను సరే, తుదిముట్ట పూర్తి చేయుడు. ఆ పిమ్మట పుస్తకము తెరచి చూచిన కోరికలలో అనేకము వాటంతటవే రాలిపోయియుండును. ఏ కొరత ఐదు పాటలలోను మరల మరల కనబడునో, ఆ వస్తువును నిస్సంకోచముగా కొనవచ్చును. ఆ పుస్తకమును తండ్రికి చూపినచో ఆయనయు కాదనడు.